నోబెల్ ఎవరికి ఓటేసింది?

అక్టోబరు నెలలో ఓ సోమవారం మధ్యాహ్నం మూడు దాటాక మన ఆఫీసుల్లో ఒక వింత జరుగుతుంది. అప్పటిదాకా ప్రొడక్షన్ ఇష్యూలతో తల పట్టుకుని కూర్చున్నవాళ్ళు ఉన్నట్టుండి ఆర్థికశాస్త్ర పండితులైపోతారు. స్టాక్‌హోంలో అర్థశాస్త్రం నోబెల్ ప్రకటించారన్నమాట. మామూలు సంవత్సరాల్లో ఈ పాండిత్యం ఒక టీ తాగేంత సేపు ఉంటుంది. ఎన్నికల కాలమైతే మాత్రం వారమంతా నడుస్తుంది. ఎందుకంటే అప్పుడు "ఆయన ఏం కనిపెట్టాడు?" అని ఎవరూ అడగరు. "ఆయన ఎవరి మనిషి?" అని అడుగుతారు.

నా గొడవంతా ఆ రెండో ప్రశ్న మీదే. ముందే ఒప్పేసుకుంటున్నాను, ఈ పాపంలో నాకూ వాటా ఉంది.

2019 అక్టోబరు 14. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో, మైకేల్ క్రేమర్‌లకు నోబెల్ వచ్చింది. సరిగ్గా వారం తర్వాత, 21న, మహారాష్ట్ర, హర్యానాల్లో పోలింగు. నేను ఉద్యోగంలో చేరి నాలుగు నెలలైనా కాలేదు. లంచ్ టేబుల్ దగ్గర ఎదురుగా కూర్చున్న మిత్రుడు "కాంగ్రెస్ మేనిఫెస్టోకి సాయం చేసినందుకు ఇచ్చార్లే" అన్నాడు. నాకు తిక్కరేగింది. "నోబెల్ వచ్చినాయన కంటే నీకెక్కువ తెలుసా? ఇంక నోర్మూసుకో" అన్నాను. చుట్టూ అందరూ నవ్వారు. వాడు తల దించుకుని పెరుగన్నం కలుపుకున్నాడు. నేను గెలిచాననుకున్నాను.

నిజానికి బెనర్జీ రాసినవాటిలో అప్పటికి నేను ఒక్క పేజీ కూడా చదవలేదు. వాడూ చదవలేదు. జ్ఞానంలో ఇద్దరం సున్నాలమే. కాకపోతే నా సున్నాకి ఓ బంగారు పతకం తగిలించుకున్నాను.

ఆ ఆదివారం అమెరికా నుంచి మా బాబాయి ఫోన్ చేస్తే ఈ కథ గొప్పగా చెప్పాను. ఆయన పడీ పడీ నవ్వి, "2008లో మేమూ అచ్చం ఇదే చేశాంరా. పైగా మాకు అక్కడ ఓటు కూడా లేదు" అన్నాడు.

బాబాయి అప్పుడు న్యూజెర్సీలో హెచ్1బీ మీద ఉన్నాడు. ఆ రోజులెలాంటివో ఒకసారి గుర్తు చేసుకోండి. సెప్టెంబరు 15న లేమన్ బ్రదర్స్ కూలింది. 29న బ్యాంకుల్ని ఆదుకునే బిల్లుని ప్రతినిధుల సభ తిప్పికొడితే డౌ జోన్స్ ఒక్క రోజులో 777 పాయింట్లు పడింది. అక్టోబరు 3న 70,000 కోట్ల డాలర్ల ప్యాకేజీ చట్టమైంది. నవంబరు 4న ఒబామా, మెకెయిన్‌ల మధ్య పోలింగు. సరిగ్గా ఈ మధ్యలో, అక్టోబరు 13న, పాల్ క్రుగ్‌మన్‌కి నోబెల్. అదీ ఎవరితోనూ పంచుకోకుండా ఒక్కడికే. అప్పటికి ఎనిమిదేళ్ళ పైనుంచీ న్యూయార్క్ టైమ్స్‌లో బుష్‌ని ఉతికి ఆరేస్తున్న మనిషాయన.

ఇంకేముంది! రిపబ్లికన్ల అభిమానులకి స్వీడన్ వాళ్ళు పోలింగుకి మూడు వారాల ముందే ఒబామాకి ఓటేసినట్టు కనబడింది. డెమొక్రాట్ల అభిమానులకి దేవుడు తమవైపే ఉన్నట్టు సర్టిఫికెట్ దొరికింది. ఎడిసన్‌లో వారాంతం బిర్యానీల దగ్గర మనవాళ్ళు కూడా రెండు ముఠాలుగా చీలిపోయి, ప్లేట్లు చల్లారిపోయేదాకా తిట్టుకున్నారట.

సరే, ముందు ఈ కుట్ర సంగతి తేల్చేద్దాం. నోబెల్‌కి నామినేషన్ల గడువు జనవరి 31. 2008 జనవరి 31 నాటికి ఒబామా ఇంకా పార్టీ అభ్యర్థి కూడా కాదు. లేమన్ బ్రదర్స్ నిక్షేపంగా ఉంది. బహుమతి ప్రకటన ప్రతి ఏడూ అక్టోబరులోనే, అమెరికా అధ్యక్ష ఎన్నిక నాలుగేళ్ళకోసారి నవంబరు మొదటి వారంలోనే. రెండూ పక్కపక్కన పడటం క్యాలెండర్ చేసిన పని. ఇక బహుమతి తెచ్చిన పని ఎప్పటిది? 1979, 1980, 1991ల్లో అచ్చయిన పరిశోధనా పత్రాలు. నలభై ఏళ్ళ లోపు ఆర్థికవేత్తలకి అమెరికాలో ఇచ్చే జాన్ బేట్స్ క్లార్క్ మెడల్ ఆయనకి 1991లోనే వచ్చింది. న్యూయార్క్ టైమ్స్ కాలమ్ అప్పటికి ఇంకా పుట్టనే లేదు.

అలాగని రాజకీయం వాసన కూడా లేదని నేను బాండు రాసివ్వలేను. అకాడమీ ఆఖరి ఓటింగు జరిగేది అక్టోబరులోనే. ఆ ఓటేసేవాళ్ళూ పేపర్లు చదివే మనుషులే. వాళ్ళ చర్చల కాగితాలు యాభై ఏళ్ళదాకా బయటికి రావు. అనుమానం రావడం తప్పు కాదు. కానీ అనుమానాన్ని ఆరోపణగా మార్చాలంటే ఒక పని చెయ్యాలి కదండీ: ఆ పరిశోధనకి ఆ బహుమతి తగదని చూపించాలి. బిర్యానీల దగ్గర ఆ పని ఎవరూ చెయ్యలేదు. ఎందుకంటే ఆ పరిశోధన ఏమిటో ఎవరికీ తెలీదు.

పోనీ "ఒబామా మనిషి" అన్న మాటైనా నిలబడిందా? ఈ క్రుగ్‌మన్ 1982-83లో రీగన్ ప్రభుత్వపు ఆర్థిక సలహా మండలిలో ఉద్యోగం చేశాడు. పేద దేశాల్లో తక్కువ జీతాల ఫ్యాక్టరీలు అసలు లేకపోవడం కన్నా ఉండటమే నయమని 1997లో రాసి వామపక్షం చేత తిట్లు తిన్నాడు. 2008 ప్రైమరీల్లో ఒబామా ఆరోగ్య బీమా ప్లాను కన్నా హిల్లరీ ప్లానే మేలని వాదించాడు. ఇక ఒబామా గెలిచాక? 2009 ఫిబ్రవరిలో 78,700 కోట్ల డాలర్ల ఉద్దీపన ప్యాకేజీ తెస్తే, ఇది చాలదు, చాలా చిన్నదని మొదట గొంతెత్తినవాళ్ళలో ఈయనొకడు. ఆ ఏప్రిల్‌లో న్యూస్‌వీక్ ముఖచిత్రం మీదకి ఎక్కిందే ఒబామాని తప్పుపడుతున్న నోబెల్ గ్రహీతగా. మన బిర్యానీ పండితులు వేసిన రంగు ఆరు నెలలు కూడా ఆగలేదు.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. ఈ గొడవలో మనం పోగొట్టుకున్నదేమిటి?

అంతకుముందు పాఠ్యపుస్తకాల్లో దేశాల మధ్య వ్యాపారం అంటే రికార్డో లెక్క. ఒక దేశం బట్ట నెయ్యడంలో మెరుగు, ఇంకోటి ద్రాక్షసారా తియ్యడంలో మెరుగు, కాబట్టి మార్చుకుంటాయి. బాగానే ఉంది. మరి జర్మనీ స్వీడన్‌కి కార్లమ్మి, స్వీడన్ నుంచి మళ్ళీ కార్లే కొనుక్కోవడమేంటి? 1979లో క్రుగ్‌మన్ ఇచ్చిన జవాబు ఇంజినీర్లకి నచ్చేంత సింపుల్‌గా ఉంటుంది. ఎక్కువ తయారుచేసే కొద్దీ ఒక్కోదాని ఖర్చు తగ్గుతుంది. కొనేవాడికి రకరకాలు కావాలి. ఈ రెండూ చాలు, ఒకేలాంటి దేశాలు ఒకేలాంటి సరుకులు అమ్ముకోవడానికి. 1991లో ఇంకో అడుగు వేశాడు. అలాగైతే కంపెనీలు ఎక్కడ పెడతారు? కొనేవాళ్ళూ పనివాళ్ళూ ఇప్పటికే ఎక్కడున్నారో అక్కడ. పనివాళ్ళు ఎక్కడికెళ్తారు? కంపెనీలు ఎక్కడున్నాయో అక్కడికి. మొదట ఏదో చిన్న సంఘటన వల్ల ఒక ఊరు కాస్త ముందుంటుంది, తర్వాత ఆ గుంపే గుంపుని లాగుతుంది.

ఇందుకు ఆయన చెప్పే ఉదాహరణ జార్జియా రాష్ట్రంలోని డాల్టన్ అనే ఊరు. 1895లో ఒకమ్మాయి పెళ్ళి కానుకగా చేతితో కుట్టిన దుప్పటితో మొదలై చివరికి అమెరికా కార్పెట్ల రాజధాని అయిపోయింది. మనకి అంత దూరం అక్కర్లేదు. 19వ శతాబ్దంలో మిషనరీలు నేర్పిన అల్లిక నర్సాపురం లేసు అయి ఇప్పటికీ ఆ చుట్టుపక్కలే ఉంది. దారం అక్కడే దొరుకుతుందనా? కాదు, చేతులు అక్కడున్నాయి కాబట్టి.

ఇప్పుడు మీ గురించి ఆలోచించండి. మీ ఉద్యోగం మాదాపూర్‌లోనే ఎందుకుంది? ఇంటర్నెట్ శ్రీకాకుళంలోనూ ఉంది, అనంతపురంలోనూ ఉంది. అద్దెలు అక్కడే తక్కువ. అయినా కంపెనీకి వారం రోజుల్లో పదిమంది జావా తెలిసినవాళ్ళు కావాలంటే హైదరాబాదులోనే దొరుకుతారు. ఆ పదిమంది అమీర్‌పేట హాస్టళ్ళలో ఎందుకున్నారంటే కంపెనీలు ఇక్కడున్నాయి కాబట్టి. 1998 నవంబరులో సైబర్ టవర్స్ మొదలైనప్పుడు చుట్టూ బండలే. ఆ తర్వాత గుంపు గుంపుని లాగింది. 2014లో రాష్ట్రం విడిపోయే ముందు హైదరాబాద్ కోసం అంత పెనుగులాట ఎందుకు జరిగింది? అలాంటి ఊరు పైకి లేవడం ఎంత కష్టమో, లేచాక దాన్ని వదులుకోవడం ఎంత కష్టమో రెండు వైపులవాళ్ళకీ ఒంటికి తెలుసు కాబట్టి. ఆ తెలిసినదాన్ని సమీకరణాల్లో పెట్టినాయనకి బహుమతి వస్తే మనం ఏం అడిగాం? "ఎడమా, కుడా?"

బాబాయి సంగతి ఇంకా దారుణం. ఆ ఎన్నికల్లో ఉద్యోగాలు విదేశాలకి పంపే కంపెనీలకి పన్ను రాయితీలు ఆపేస్తానని ఒబామా వాగ్దానం చేశాడు. 2009 ఫిబ్రవరి ప్యాకేజీలోనే ప్రభుత్వ సొమ్ము తీసుకున్న బ్యాంకులు హెచ్1బీ వాళ్ళని చేర్చుకోకుండా ఆంక్షలు పెట్టారు. బాబాయి క్లయింటు ఒక బ్యాంకు. అంతకు ముందే, జనవరిలో, కాంట్రాక్టు తీసేశారు. మూడు నెలలు బెంచి మీద, పిన్ని కడుపుతో, వీసా లెక్కలు వేసుకుంటూ గడిపాడు. పని ఎక్కడ పోగవుతుంది, ఎక్కడికి కదులుతుంది అన్నది ఆయనకి కూడూ గుడ్డా ప్రశ్న. ఆ ప్రశ్న మీద జీవితమంతా పనిచేసిన మనిషి ఆ వారం ప్రతి పేపర్లోనూ ఉన్నాడు. "మేం మాత్రం ఆయన టై రంగు మీద కొట్టుకున్నాంరా" అంటాడు బాబాయి.

మళ్ళీ 2019కి వద్దాం. కాంగ్రెస్ ఆ లోక్‌సభ ఎన్నికల్లో న్యాయ్ పథకం ప్రకటించింది. 20 శాతం నిరుపేద కుటుంబాలకి ఏడాదికి 72,000 రూపాయలు. బెనర్జీని సలహా అడిగారు, ఆయన ఇచ్చాడు. కాంగ్రెస్ 52 సీట్లకి ఆగిపోయింది. అక్టోబరులో నోబెల్ రాగానే రాహుల్ గాంధీ అభినందనల్లో న్యాయ్‌ని కలిపాడు. నాలుగు రోజులకి పుణెలో కేంద్రమంత్రి పీయూష్ గోయల్ అభినందిస్తూనే, ఆయన ఆలోచన వామపక్షం, ఆ ఆలోచనని జనం తిరస్కరించారని తేల్చేశాడు. ఒకాయన బహుమతిని మేనిఫెస్టోకి అతికించాడు, ఇంకొకాయన ఎన్నికల ఫలితాన్ని తెచ్చి బహుమతికి అతికించాడు. ఎన్నికల్లో ఓడిపోతే పరిశోధన తప్పైపోతుందా? నోబెల్ వస్తే పథకం ఒప్పైపోతుందా? బెనర్జీ మాత్రం బీజేపీ ప్రభుత్వం అడిగినా నాకు తెలిసిన నిజమే చెప్పేవాణ్ణి అన్నాడు. అక్టోబరు 22న వెళ్ళి మోదీని కలిశాడు. ఇక్కడా రంగు వెలిసిపోయింది.

ఇక్కడ నా సిగ్గు సంగతి చెప్పాలి. ఆ ముగ్గురికి బహుమతి వచ్చింది పేదరికం మీద పథకాలని మందుల్ని పరీక్షించినట్టు పరీక్షించినందుకు. కొందరికి ఇచ్చి, కొందరికి ఇవ్వకుండా, లాటరీతో ఎంచి, తేడా కొలవడం. మన భాషలో ఏ/బీ టెస్టింగ్. అందులో బాగా పేరొచ్చిన ఒకటి మన హైదరాబాదు బస్తీల్లోనే జరిగింది. 104 బస్తీలు తీసుకుని, లాటరీలో వచ్చిన 52 బస్తీల్లో ఒక మైక్రోఫైనాన్స్ సంస్థ ముందుగా శాఖలు తెరిచింది. 2015లో అచ్చయిన ఫలితం ఏమిటంటే, అప్పటికే వ్యాపారం ఉన్నవాళ్ళు కాస్త పెంచుకున్నారు, కొందరు ఇంటికి పనికొచ్చే వస్తువులు కొన్నారు, పొగాకు లాంటి వాటి మీద ఖర్చు తగ్గింది. కానీ ఆరోగ్యం, పిల్లల చదువు, ఆడవాళ్ళ పెత్తనం, వీటిలో చెప్పుకోదగ్గ మార్పు కనబడలేదు. అప్పు అద్భుతం కాదు, అలాగని దానికదే విషమూ కాదు.

నాకు బోరబండలో ఇంకో పిన్ని ఉంది, మా అమ్మ చెల్లెలు. ఆవిడ అలాంటి గ్రూపు లోనుల్లోనే ఉండేది. ప్రతి మంగళవారం కిస్తీ. ఒకరు కట్టకపోతే మిగతావాళ్ళు కలిసి కట్టాలి, లేదా ఆమె ఇంటి ముందు కూర్చోవాలి. ఒకసారి అలా పక్కింటావిడ గడప ముందు కూర్చుని వచ్చి, రాత్రంతా అన్నం ముట్టలేదు. 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చాక వసూళ్ళు ఆగిపోయాయి. పిన్నికి ఊపిరొచ్చింది. ఆ తర్వాత మా తమ్ముడి ఫీజుకి అప్పు పుట్టక నెలకి ఐదు రూపాయల వడ్డీకి వెళ్ళింది. ఈ రెండు ముఖాలూ నేను చూసినవే. ఆ లంచ్ టేబుల్ దగ్గర నేను పతకం ఊపుతూ మిత్రుడి నోరు మూయించిన రోజు, ఆ పతకం వెనక మా పిన్ని మంగళవారాల లెక్క ఉందని నాకు తెలీదు. తెలుసుకుందామనే బుద్ధి కూడా పుట్టలేదు. గెలిచేశానుగా!

అందుకే అంటున్నాను, "కుట్ర" అనేవాడి కన్నా "నోబెల్ వచ్చింది, ఇంక మాట్లాడకు" అనేవాడే ఎక్కువ ప్రమాదం. మొదటివాడు కనీసం అనుమానపడతాడు. రెండోవాడు ఆలోచనకి తాళం వేసి, చదువుకున్నవాణ్ణని జబ్బలు చరుచుకుంటాడు. ఆ రెండోవాణ్ణి నేనే.

ఈ మాట చెప్పడానికి నేనెవర్ని? 1974లో హయెక్ అనే ఆర్థికవేత్త ఇదే బహుమతి తీసుకుంటూ, ఆ విందులోనే, నన్నడిగితే ఈ బహుమతి పెట్టొద్దనే చెప్పేవాణ్ణన్నాడు. ఆర్థికశాస్త్రంలో ఏ ఒక్కరికీ ఉండకూడనంత అధికారాన్ని ఇది ఒక మనిషికి కట్టబెడుతుందని ఆయన భయం. తమాషా ఏంటంటే ఆ ఏడు బహుమతి పంచుకున్న మిర్డాల్‌ది రాజకీయంగా ఆయనకి పూర్తిగా ఎదురు వైపు. మరి ఇద్దరిలో ఎవరి నోబెల్ చూపించి ఎవరి నోరు మూయిస్తాం? అన్నట్లు ఈ బహుమతి ఆల్‌ఫ్రెడ్ నోబెల్ వీలునామాలో లేదు. స్వీడన్ కేంద్ర బ్యాంకు 1968లో ఆయన పేరిట పెట్టింది.

ఆ అధికారం ఓట్లు తెస్తుందా అంటే అదీ అనుమానమే. 2024 అక్టోబరులో 23 మంది నోబెల్ ఆర్థికవేత్తలు కమలా హారిస్ ఆర్థిక విధానమే మేలని ఉత్తరం రాశారు. నవంబరులో ట్రంప్ గెలిచాడు. 23 పతకాలు కలిపినా, సరుకుల బిల్లు చూసుకుంటున్నవాడికి అవి జవాబుగా కనబడలేదు.

"అయితే పండితులు ఎన్నికలప్పుడు నోరు మూసుకోవాలా?" అని మీరడగొచ్చు. అక్కర్లేదు. క్రుగ్‌మన్ రాయాల్సిందే, బెనర్జీ సలహా ఇవ్వాల్సిందే. వాళ్ళకీ ఓటుంది, మాటుంది. నేనంటున్నది మన గురించి. ఒక మనిషిలో పరిశోధన వేరు, అభిప్రాయం వేరు, ఓటు వేరు. బహుమతి మొదటిదానికి. రెండోదాన్ని వాదనతోనే తూచాలి. మూడోది ఆయన సొంత వ్యవహారం. మన టీములో పెద్ద అవార్డు కొట్టిన ఆర్కిటెక్టు కోడ్ రాస్తే రివ్యూ లేకుండా మెర్జ్ చేస్తామా? ఆయన ఏ పార్టీయో తెలుసుకుని బగ్ క్లోజ్ చేస్తామా? ఆఫీసులో ఇంత జాగ్రత్తగా ఉండేవాళ్ళం, దేశం సంగతి వచ్చేసరికి బుర్రని లాకర్లో పెట్టి వస్తామెందుకు?

కిందటేడు ఆ హైదరాబాదు పేపర్ పూర్తిగా చదివి మిత్రుడికి పంపాను. 2019 నాటి మాటకి సారీ కూడా చెప్పాను. రెండు రోజులకి వాడు ఫోన్ చేసి, "అప్పులివ్వని బస్తీల్లోకి కూడా వేరే కంపెనీలు వచ్చేశాయిగా, రెండేళ్ళ తర్వాత ఈ సంస్థే అక్కడా అప్పులిచ్చిందిగా, మరి ఎక్కువ కాలం మీద తేడా ఎలా తెలుస్తుందిరా?" అన్నాడు. మంచి ప్రశ్న. ఆ పేపర్ రాసినవాళ్ళే ఆ ఇబ్బంది ఒప్పుకున్నారని చెప్పాను. గంటసేపు వాదించుకున్నాం. మధ్యలో పిన్ని సంగతి చెప్పాను, వాళ్ళమ్మ కూడా వరంగల్‌లో అలాంటి గ్రూపులోనే ఉండేదని వాడు చెప్పాడు. ఐదేళ్ళు ఒకే టేబుల్ మీద తిన్నాం, ఈ సంగతి ఇద్దరికీ తెలీదు.

ఆ గంటలో బెనర్జీ ఎవరి మనిషో ఇద్దరం ఒక్కసారి కూడా అడగలేదు.